రెండు చౌకీల నడుమ కప్తాను వాచీ

న్యూమా కలామ్ వాచీలు బాగుచేసేవాడే గాని, వాచీ కట్టుకునే రకం కాదు. టైము కావలిస్తే కోటు లోపలి జేబులోంచి తాతగారి గొలుసు గడియారం బయటికి లాగేవాడు. అది ఉల్లిగడ్డంత ఉండేది. తీసేటప్పుడు మనిషి మొత్తం ఒక పక్కకి ఒరిగేవాడు. "మా అన్నయ్య టైము చూసుకోడు, తవ్వుకుంటాడు" అనేది చెల్లెలు అడెలిన్.

అయినా అతని ఎడంచెయ్యి ఖాళీగా ఉన్న రోజు తక్కువ. మా సోర్బియే కొండల్లో పాతకాలం పనివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన వాచీని వెంటనే పెట్టెలో పెట్టి పంపెయ్యరు. వారం రోజులు తమ చేతికి కట్టుకుని తిరుగుతారు. దాంతోనే కట్టెలు కొడతారు, మంచు తవ్వుతారు, పడుకుంటారు, పక్కింటివాళ్ళతో పోట్లాడతారు. బల్ల మీద కూర్చోబెడితే ఏ వాచీ అయినా పెద్దమనిషిలాగే నడుస్తుందనీ, మనిషి చేతికెక్కి నాలుగు కుదుపులు తిన్నాకే దాని అసలు గుణం బయటపడుతుందనీ వాళ్ళ నమ్మకం. ఒకసారి ఒక బిషప్పుగారి వాచీ ప్రతి ఆదివారం ఆగిపోయేదట. ఎంత విప్పి చూసినా జబ్బేమిటో తేలలేదు. చివరికి న్యూమా దాన్ని కట్టుకుని వారమంతా సారాకొట్లో కూర్చున్నాడు. ప్రసంగాలు వినే బాధ తప్పిందని ఆ వాచీ సంతోషించి, మళ్ళీ ఆగితే ఒట్టు. ఈ సంగతి న్యూమా చెప్పింది కాదు, సారాకొట్టు యజమాని చెప్పాడు. చిల్లర తిరిగిచ్చేటప్పుడు తప్ప అతను అబద్ధమాడే మనిషి కాదు.

ఆ జనవరిలో న్యూమా చేతి మీద ఉన్నది నార్వే దేశపు ఓడ కప్తాను వాచీ. మేలిమి బంగారం. నడిసముద్రంలో తుఫానుకి ఓడ కమ్మీకి కొట్టుకుని లోపలి ఇరుసు విరిగిపోతే, ఆ కప్తాను దాన్ని పార్సిలు కట్టి ఇంతదూరం పంపాడు. అలాంటి సన్నటి ఇరుసు చేత్తో చెక్కి బిగించగలవాళ్ళు మా కొండల్లో ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఎక్కడెక్కడి దేశాల వాచీలూ పోస్టులో న్యూమా కిటికీ ముందున్న బల్ల మీదికే వచ్చేవి. మా ఊరివాళ్ళ వాచీలు అతని దగ్గరికి రావు. మా ఊళ్ళో ప్రతివాడూ తన వాచీ తనే పాడుచేసుకోగలడు.

అలా పరాయిదేశపు వాచీలు తెప్పించుకోవాలంటే సర్కారువారి పర్మిట్టు ఉండాలి. దాని సంగతి చాలా తేలిక. బాగుచేయించుకోడానికి వచ్చిన వాచీని సర్కారు చుట్టంలాగా చూస్తుంది. చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి సుంకం అడగదు. అయితే ఆ చుట్టం ఏ గుమ్మంలోంచి వచ్చిందో ఆ గుమ్మంలోంచే, సీలువేసిన పెట్టెలో, కాగితం వెంటబెట్టుకుని వెళ్ళిపోవాలి. అలాకాకుండా ఎవరి చేతిమీదో ఎక్కి దేశం దాటిందా, అది ఇక చుట్టం కాదు, దొంగసరుకు. బుద్ధి తెచ్చుకుని తిరిగొచ్చిందా, రెండోసారి దొంగసరుకు. పట్టుబడితే సుంకం మాట అటుంచి, పర్మిట్టు చింపేస్తారు. చింపిన పర్మిట్టు మళ్ళీ అతకదు.

జెలిమ్‌కి అదే జరిగింది. న్యూమా, జెలిమ్ ఒకే బల్ల దగ్గర పని నేర్చుకున్నారు. నది అవతల, అంటే ఫ్రాన్సులో, సంతకి వెళ్తే జెలిమ్ కోటుజేబులో ఎవరో పళ్ళ డాక్టరు తాలూకు వాచీ దొరికింది. మర్చిపోయానన్నాడు. నిజంగానే మర్చిపోయాడు. ఇప్పుడు చీజ్ ఫ్యాక్టరీలో పాలు కలుపుతున్నాడు. పని లేనప్పుడు బొటనవేలూ చూపుడువేలూ దగ్గరచేర్చి లేని స్క్రూ ఒకటి తిప్పుతూ కూర్చుంటాడు. న్యూమా చీజ్ కొనడానికి వెళ్ళినప్పుడల్లా ఆ వేళ్ళు చూడకుండా ఉండాలని గోడవైపు తిరిగి నిలబడేవాడు.

దానికి తోడు వంతెన దగ్గరి మన సుంకం చౌకీకి ఎష్లిమన్ అనే కొత్త అధికారి వచ్చాడు. జర్మను మాట్లాడే జిల్లాలవాడు. తలుపు సైజు మనిషి, తెల్లటి కనుబొమలు, నవ్వు అనేది పుట్టింట్లో మర్చిపోయొచ్చినట్టు ఉండేవాడు. వచ్చిన నెలలోనే ఒకామె చంకలోని బాతుని తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడనీ, లోపల టిక్కుటిక్కుమందనీ చెప్పుకున్నారు. ఆ బాతుని చూసినవాళ్ళెవరూ దొరకరు గాని, కోసి వండాక తిన్నామనేవాళ్ళు మా ఊరి నిండా ఉన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం. నది అవతలి ఊళ్ళో అడెలిన్ ఇంట్లో పందిని కోశారు. ఆ ఊరు ఫ్రాన్సుది. నది మధ్యలోంచి సరిహద్దు పోతుంది. సాసేజీలు కూరి చివర్లు ముడివెయ్యడానికి న్యూమా వేళ్ళు కావాలని అడెలిన్ కబురు పెట్టింది. వెంట్రుకంత స్ప్రింగు కట్టే వేళ్ళు పందిపేగు కట్టలేవా అని ఆవిడ వాదన. న్యూమా బల్లమీద పని సర్ది, ఊలు చేతితొడుగులు వేసుకుని, కోటు గుండీలు పెట్టుకుని, మోకాలు పట్టుకుంటూ వంతెన దగ్గరికి నడిచాడు. మంచు పొడిపొడిగా రాలుతోంది. దూ అనే ఆ నది సగం గడ్డకట్టి, సగం నల్లగా కదులుతోంది.

ఎష్లిమన్ చౌకీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "చూపించాల్సింది ఏమైనా ఉందా అండీ?"

"మోకాళ్ళ నొప్పుంది ఆఫీసరుగారూ. దానిక్కూడా సుంకం పెట్టారా?"

ఎష్లిమన్ నిజంగానే ఆలోచించాడు. "దానికి లేదు. వెళ్ళండి."

న్యూమా లోలోపల నవ్వుకుంటూ వంతెనెక్కాడు. నడిమధ్యకొచ్చాడు. అక్కడ గోడలో సరిహద్దు రాయి ఉంటుంది. రాయి దాటితే ఫ్రాన్సు. తను వెళ్ళేసరికి పంది ఏ స్థితిలో ఉంటుందో అంచనా వేద్దామని తాతగారి గడియారం తియ్యబోయాడు. కుడిచెయ్యి జేబులోకి పోయింది. కోటు అంచు పట్టుకోడానికి ఎడంచెయ్యి పైకెత్తాడు. ఆ ఎత్తడంలో మణికట్టు దగ్గర ఏదో బరువుగా, మెత్తగా కిందికి జారింది.

న్యూమా అక్కడికక్కడే ఆగిపోయాడు.

తొడుగు అంచు కొంచెం ఎత్తి చూశాడు. బంగారం మెరిసింది. వెంటనే తొడుగు కిందికి లాగేశాడు. అలా లాగితే వాచీ మాయమైపోతుందన్నట్టు ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఎత్తాడు. కప్తాను వాచీ ఏ తొందరా లేకుండా నడుస్తోంది. ఎప్పుడూ ఆ చేతి మీద ఏదో ఒక వాచీ ఉండీ ఉండీ, ఉందన్న సంగతే చేతికి తెలియకుండా పోయింది.

గుండె దడదడ కొట్టుకుంటుంటే దాని పక్కన వాచీ చప్పుడు కూడా వినిపించింది. ఆ చప్పుడు అతనికి తెలిసిందే, చీమ అడుగంత. కానీ ఇప్పుడు చర్చిగంటలా మోగుతోంది. రెండు చౌకీలకీ వినపడిపోతోందేమోనని అరచెయ్యి దానిమీద గట్టిగా అదిమాడు.

ముందుకి వెళ్తే? అవతల ఫ్రాన్సు చౌకీలో బొబిలియే ఉంటాడు. స్నేహితుడే. కానీ ఆ మహానుభావుడు తొడుగులు తీయించి, రెండు చేతులూ పట్టుకుని ఊపితే తప్ప పలకరించినట్టు లెక్క కాదంటాడు. బంగారు వాచీ కళ్ళబడితే ఎంత స్నేహితుడైనా రాయక తప్పదు. అక్కడ రాసింది ఇక్కడికి తెలియడానికి పూట చాలు.

వెనక్కి వెళ్తే? ఎష్లిమన్. ఏమీ లేదని చెప్పి వెళ్ళినవాడు సగం వంతెనలోంచి వెనక్కొస్తే, ఆ మనిషి ఊరుకుంటాడా? చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.

ఇక్కడే ఉంటే? ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ప్రపంచం మొత్తంలో ఆ వాచీ దొంగసరుకు కాని చోటు తన బూట్ల కిందున్న ఈ కాస్త రాయేనని న్యూమాకి అనిపించింది. ఎంతకాలమని నిలబడతాడు? మంచు టోపీ మీద పేరుకుంటోంది. కాళ్ళు మొద్దుబారుతున్నాయి. కళ్ళముందు జెలిమ్ వేళ్ళు తిరుగుతున్నాయి. తన కిటికీ ముందు బల్ల, దానిమీద దుమ్ము, పోస్టువాడు ఆగకుండా వెళ్ళిపోవడం, అన్నీ జరిగిపోయినట్టే కనిపించాయి.

గోడమీదికి వంగి నీళ్ళలోకి చూశాడు. పట్టీ గుండీ విప్పితే చాలు. చిన్న చప్పుడు కూడా కాదు. నదికి చౌకీ లేదు. ఎవరూ పట్టుకోలేరు. కానీ ఆ ఇరుసు చెక్కడానికి పట్టిన పొద్దులన్నీ వేళ్ళలో కదిలాయి. ఎక్కడో సముద్రం మీద ఒక మనిషి తన వాచీ వస్తుందని చూస్తుంటాడు. వేళ్ళు గుండీ దాకా వెళ్ళాయి గాని విప్పలేదు.

"ఓయ్ న్యూమా," అవతలినుంచి బొబిలియే కేకేశాడు. "దూకేదుంటే ఎండాకాలం దాకా ఆగవయ్యా. ఇప్పుడు దూకితే నేను బట్టలు తడుపుకోవాలి."

"చేపలు చూస్తున్నాలే," అన్నాడు న్యూమా.

"జనవరిలో చేపలా? ఏమంటున్నాయి?"

న్యూమా తల తిప్పాడు. ఇటు చూస్తే ఎష్లిమన్ గుమ్మం దిగి మంచులోకొచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఇటే చూస్తున్నాడు.

అప్పుడు ఫ్రాన్సువైపునుంచి చక్రాల చప్పుడు వచ్చింది. ఫిలోమెన్ బండి. ఆమెది మా ఊరే. అవతలి గట్టున ఆమెకి ఆవులున్నాయి. రోజూ కంచరగాడిద బండిమీద పాల క్యాన్లు మన ఫ్యాక్టరీకి తోలుకొస్తుంది. ఆ గాడిద పేరు బారన్. ఫిలోమెన్ క్యాన్లలో పాలు కాక ఇంకేమేమి వంతెన దాటాయో చెప్పాలంటే పెద్ద భాగవతం అవుతుంది. ఒకప్పుడు పొగాకు, ఒకప్పుడు లేసు, ఒకసారి పెళ్ళి ఇష్టంలేక పారిపోతున్న పొట్టి పెళ్ళికొడుకు అని కూడా అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దొరకలేదు.

ఆమె బండి ఆపింది. "ఏమయ్యా, వంతెనకి కాపలా పెట్టారా నిన్ను? మొహం విరిగిన పాలలా ఉందేం?"

"ఏం లేదు. నువ్వెళ్ళు ఫిలోమెన్."

"ఏం లేనివాడు ఒక చేత్తో ఇంకో చెయ్యి దొంగని పట్టుకున్నట్టు పట్టుకోడు." గొంతు తగ్గించింది. "ఎవరిది?"

న్యూమా పెదాలు కదిలాయి. "నార్వే కప్తానుది."

"పర్మిట్టు మీదొచ్చిందేనా?"

"ఆఁ."

"చౌకీలో ఏం చెప్పొచ్చావు?"

"మోకాళ్ళ నొప్పని."

"శభాష్. అరవయ్యేళ్ళొచ్చినా బుర్ర మాత్రం కొత్తది, వాడనేలేదు." ఆమె బండి దిగి, క్యాన్ల తాళ్ళు సరిచేస్తున్నట్టు అతనికీ ఎష్లిమన్‌కీ మధ్య అడ్డంగా నిలబడింది. "ఇటియ్యి."

"వద్దు. నువ్వు ఇరుక్కుంటావు."

"నేనా? వాడు పుట్టకముందునుంచీ ఈ వంతెన దాటుతున్నాను. తొందరగా ఇవ్వు, ఆ తెల్లకనుబొమలు ఇటే చూస్తున్నాయి."

"పాలల్లో వెయ్యకు. తడి తగిలితే..."

"నాకు చెప్పకు. నీ వాచీని ఉయ్యాల్లో పడుకోబెడతాను, సరేనా?"

న్యూమా విప్పలేకపోయాడు. ఫిలోమెనే విప్పింది. ఆమె వీపు ఇటు తిరిగింది, తాళ్ళు లాగింది, బారన్ మెడ నిమిరింది. అంతలో అయిపోయింది. ఎక్కడ పెట్టిందో ఎదురుగా ఉన్న న్యూమాకే కనిపించలేదు.

"ఇక నువ్వెళ్ళి పంది సంగతి చూసుకో," అని బండి తోలింది.

వెళ్ళాల్సింది. మణికట్టు తేలికైపోయింది. ముందు బొబిలియే, చెల్లెలి ఇల్లు, పొగగొట్టం కింద వేడి. కానీ కాళ్ళు అటు పోలేదు. పాపం ఆవిడ నా కోసం వెళ్తోంది అనుకున్నాడు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, బాగుచేసి వారం నిండని వాచీని కంటికి కనబడకుండా ఎవరి చేతికీ ఇచ్చిన అలవాటు అతనికి లేదు. "పొగాకు మర్చిపోయానయ్యా బొబిలియే" అని కేకేసి బండి వెనకాలే నడిచాడు.

చౌకీ ముందు ఎష్లిమన్ చెయ్యెత్తాడు. "ఆపండి. అన్నీ దించండి."

"రోజూ దించమనరే," అంది ఫిలోమెన్.

"రోజూ వంతెన మధ్యలో ఆగి మాట్లాడరు కదా." అతను న్యూమా వైపు తిరిగాడు. "మీరు వెనక్కొచ్చారేం?"

"పొగాకు మర్చిపోయానండి."

"మీరు పొగ తాగగా నేను చూడలేదు."

"అందుకే మర్చిపోతుంటాడు," అంది ఫిలోమెన్. "బండి ఆగిందంటే వీడికింక దాణా కావాలి," అంటూ సంచి ఒకటి తీసి గాడిద మూతికి తగిలించింది.

ఎష్లిమన్ పొడుగాటి గరిటె తెచ్చి ఒక్కొక్క క్యాను మూతా తీశాడు. గరిటె అడుగుదాకా దింపి, మెల్లగా తిప్పి, ఆగి విని, మళ్ళీ తిప్పాడు. గరిటె లోహానికి తగిలినప్పుడల్లా న్యూమా కళ్ళు మూసుకున్నాడు. బండి పలకలు ఎత్తాడు. గడ్డి మోపు విప్పి దులిపాడు. చక్రాల ఇరుసు మీది గ్రీజులో వేలు పెట్టి చూశాడు. ఫిలోమెన్ శాలువా విప్పించి దులిపాడు, చెక్క బూట్లు విప్పమన్నాడు.

"మేజోళ్ళకి చిల్లులున్నాయి నాయనా, వాటిక్కూడా కాగితం రాస్తావా?" అని ఆమె మంచులో ఒంటికాలి మీద నిలబడింది.

ఎష్లిమన్ బూట్లు తలకిందులు చేసి తట్టి, జాగ్రత్తగా ఆమె పాదాల ముందు పెట్టాడు. న్యూమాని చూశాడు. "మీరు కూడా." కోటు, తొడుగులు, జేబులు. తాతగారి ఉల్లిగడ్డని బయటికి తీసి అటూఇటూ తిప్పి తిరిగిచ్చేశాడు. మణికట్టు మీద పట్టీ అచ్చు ఇంకా ఎర్రగా ఉంది. ఆ ఎరుపు మీద అతని చూపు కాసేపు నిలబడింది.

"ఇదేమిటి?"

"చలికండీ," అన్నాడు న్యూమా.

ఎష్లిమన్ బండి చుట్టూ ఇంకోసారి తిరిగాడు. మొహంలో ఏదో లెక్క కుదరని చిరాకు. చివరికి చెయ్యి ఊపాడు. "వెళ్ళండి."

ఫిలోమెన్ నెమ్మదిగా, విసుగ్గా, ఏ తొందరా లేనట్టు బండెక్కి పగ్గాలు పట్టింది. గట్టెక్కాం అనుకున్నాడు న్యూమా.

బారన్ కదల్లేదు. మూతి సంచిలో ఉంది. నములుతోంది. కరకర, కరకర. ఆ కరకరల మధ్యలో ఒకటి వేరేగా వినబడింది. చిన్న 'టిక్'.

అది దాణా చప్పుడు కాదు. పన్ను మీద వాచీ అద్దం చప్పుడు. లోకంలో ఇంకెవరికీ ఆ తేడా తెలిసేది కాదు. ఎష్లిమన్‌కి తెలియలేదు, ఫిలోమెన్‌కి తెలియలేదు. న్యూమాకి మాత్రం వీపున ఎవరో గడ్డపలుగు దించినట్టయింది. గాడిద తల పైకెత్తి, సంచి అడుగున ఉన్నది నోటికందేలా ఒకసారి ఎగరేసింది. దవడ పక్కకి జరిగింది. ఇక వెనక పళ్ళ కిందికి పోతోంది.

"వాచీ," అని అరిచాడు న్యూమా. "ఓరి నీ దుంపతెగ, నమలకు, నమలకు."

ఒక్క దూకులో గాడిద మెడ పట్టుకున్నాడు. సంచి లాగేశాడు. మోచేతిదాకా చెయ్యి దాణాలోకి దూర్చాడు. సొంగ కారుతున్న బంగారు వాచీ బయటికొచ్చింది. పట్టీ సగం లేదు. ఆ సగం బారన్ నోట్లోంచి తోకలా వేలాడుతోంది. న్యూమా మోకాళ్ళ మీద మంచులో కూలబడి, వాచీని చొక్కాకి తుడిచి, కళ్ళు మూసుకుని చెవికి ఆనించుకున్నాడు.

నడుస్తోంది.

హమ్మయ్య అనుకుని కళ్ళు తెరిచేసరికి ఎదురుగా రెండు పెద్ద బూట్లు కనిపించాయి.

అప్పుడుగాని తనేం చేశాడో అతనికి తెలియలేదు. ఫిలోమెన్ బండిమీదనుంచి చూసిన చూపుకి ఎండాకాలమైతే గడ్డి అంటుకునేది.

"వెళ్ళమన్నాడు కదయ్యా," అంది మెల్లగా. "వెళ్ళమన్నాడు."

చౌకీ లోపల పొయ్యి మండుతోంది. ఎష్లిమన్ బల్ల వెనక కూర్చుని, వాచీని గుడ్డమీద పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు. అతను మాట్లాడకుండా ఉన్న ఆ కాసేపట్లో న్యూమా బల్ల అమ్మేశాడు, పనిముట్లు అమ్మేశాడు, చీజ్ ఫ్యాక్టరీలో జెలిమ్ పక్కన నిలబడి పాలు కలిపేశాడు.

"ఇది గాడిద సంచిలోకి ఎలా వచ్చింది?"

"నేనే వేశానండి. ఫిలోమెన్‌కి తెలియదు. ఆవిడ చూడకుండా వేశాను."

"మీరు వేస్తుండగా నేను చూడలేదే."

"ఆవిడే చూడలేదు, మీరెలా చూస్తారండి."

"నాకు దూరపుచూపు ఆనదు నాయనా," అంది ఫిలోమెన్. "దగ్గరిచూపు అసలే ఆనదు."

ఎష్లిమన్ తెల్లకనుబొమలు ఆమె మీదనుంచి న్యూమా మీదికి వచ్చాయి. "పొద్దున్నించీ జరిగింది చెప్పండి. అబద్ధం చెప్పకుండా."

న్యూమా చెప్పాడు. వారంరోజులు కట్టుకుని తిరిగే పద్ధతి, అడెలిన్ పంది, సరిహద్దు రాయి, నీళ్ళు, అన్నీ. ఫిలోమెన్ చెయ్యి ఒక్కటి మాత్రం దాటేశాడు. చెప్తున్నంతసేపూ అతని వేళ్ళు ఒళ్ళో లేని స్క్రూ ఒకటి తిప్పుతున్నాయి. మధ్యలో అది గమనించుకుని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

"మర్చిపోయానండీ. అంతే," అన్నాడు చివర్న.

"మర్చిపోవడం మా పుస్తకంలో లేదు," అన్నాడు ఎష్లిమన్.

అప్పుడే తలుపు తోసుకుని బొబిలియే లోపలికొచ్చాడు. న్యూమా అరుపు నది దాటి వెళ్ళిందట. తన చౌకీ తాళం వేసి వచ్చేశాడు. విషయం విని టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మావైపు రాలేదు. నేను సాక్ష్యం చెప్తాను. ఫ్రాన్సులో అడుగు పెట్టనేలేదు. చేపలు చూస్తున్నానన్నాడు, అంతే."

"అంటే మా దేశంలోంచి బయటికి వెళ్ళింది, ఏ దేశంలోకీ వెళ్ళలేదు," అన్నాడు ఎష్లిమన్. అతనికి ఆ మాట అసలు నచ్చలేదు. పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. న్యూమా ఆ వేలినే చూస్తున్నాడు. ఆ వేలు కిందికి జరిగినకొద్దీ అతని గుండె కూడా కిందికి జరిగింది.

"నేను వెతికి పట్టుకుంటే పర్మిట్టు రద్దు చెయ్యాలి." ఎష్లిమన్ తల ఎత్తకుండానే అన్నాడు. "నేను వెతికాను. నాకు దొరకలేదు. వెళ్ళమన్నాను. ఆ తర్వాత వాచీ అని అరిచి మీరే చెప్పారు." ఈ చివరి మాటలు పంటికింద రాయి పడ్డట్టు అన్నాడు. "సరుకు ఉన్నవాడు అధికారి కనుక్కోకముందే తనంత తాను చెప్తే, వాచీని కొని తెచ్చుకున్నట్టు లెక్కగట్టి సుంకం వసూలు చెయ్యాలి. పర్మిట్టు మంచు కరిగేదాకా ఆపెయ్యాలి. రద్దు చెయ్యమని లేదు."

న్యూమా తొడల కిందినుంచి చేతులు బయటికి తీశాడు.

"లేదా?" అన్నాడు న్యూమా.

"లేదని చెప్తున్నాను కదా." ఎష్లిమన్ కాగితం రాయడం మొదలెట్టాడు. రాస్తూ రాస్తూ కలం ఆపి ఫిలోమెన్‌ని అడిగాడు. "గాడిద సంచి. ఎన్నాళ్ళనుంచి?"

"ఏ సంచి నాయనా?" అంది ఫిలోమెన్.

ఆ సుంకం పెట్టి ఉంటే అడెలిన్ పందినీ, దాని తల్లినీ, ఆ దొడ్డినీ కలిపి కొనుక్కోవచ్చునని మా ఊళ్ళో చెప్పుకున్నారు. న్యూమా మారుమాట్లాడకుండా కట్టాడు. వాచీకి కొత్త పట్టీ వేశాడు, అద్దం మార్చాడు, మిగిలిన రోజులు చేతికి కట్టుకున్నాడు, గడప దాటలేదు. పెట్టెకి సీలు వేసేటప్పుడు ఎష్లిమన్ లక్కని తన చేత్తోనే కరిగించి పోశాడు. అది నార్వేలో బెర్గెన్ రేవుకి చేరిందనీ, అక్కడివాళ్ళు కప్తానుని సుంకం అడగలేదనీ తెలిసేదాకా న్యూమాకి తిండి సయించలేదు. ఆ శీతాకాలమంతా పోస్టువాడు అతని కిటికీ ముందు ఆగకుండా వెళ్ళాడు. న్యూమా ప్రతిరోజూ ఆ చప్పుడు విని, పనిముట్లకి నూనె రాసి, మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేవాడు. ఎప్పుడో ఏప్రిల్లో ఇళ్ళ కప్పుల మీది మంచు జారిపడ్డాక ఒక చిన్న పార్సిలు వచ్చింది. దాన్ని విప్పడానికి భయపడి మధ్యాహ్నందాకా బల్లమీదే ఉంచాడు.

ఫిలోమెన్ అతనితో వసంతం దాకా మాట్లాడలేదు. తను ఆ రోజు తప్పకుండా దాటిపోయేదాన్నే అని ఆమె వాదన. ఇంకొక్క నములు నమిలితే వాచీ ఉండేది కాదని న్యూమా వాదన. ఈ విషయం మీద ఊరు రెండుగా చీలిపోయింది. బారన్ మాత్రం ఆ పట్టీ మింగిన దగ్గర్నుంచి సరిగ్గా పన్నెండు గంటలకి ఓండ్రపెడుతోందనీ, దాన్నిబట్టే పాస్టరుగారు చర్చి గడియారం దిద్దుకుంటున్నారనీ ఫిలోమెన్ ఒట్టేసి చెప్తుంది.

న్యూమా ఇప్పటికీ నెలకోసారి వంతెన దాటి చెల్లెలింటికి వెళ్తాడు. వెళ్ళేటప్పుడు ఎంత చలైనా ఎడంచేతికి తొడుగు వేసుకోడు. కోటు చెయ్యి, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, ఆ బోడిచెయ్యి ముందుకు చాపుకుని, దీపం పట్టుకున్నవాడిలా నడుస్తాడు. మంచు పడి చర్మం నీలంగా మారిపోతుంది. పిల్లలు నవ్వుతారు. ఎష్లిమన్ నవ్వడు, చెయ్యి చూసి తల ఊపుతాడు. సరిహద్దు రాయి దగ్గరికొచ్చేసరికి న్యూమా ఆగి, కుడిచేత్తో మణికట్టు తడుముకుంటాడు. అక్కడేమీ ఉండదు. నాలుగడుగులు వేశాక మళ్ళీ తడుముకుంటాడు.